మూడేళ్ళ సందు

పన్నెండేళ్ళుగా బస్సుల కింద పడుకుని
ఇనుముతో మాటాడుతున్నవాణ్ణి.
కర్ర భాష నాకు రాదు.
ఇనుముకి కోపమొస్తే అక్కడికక్కడే కేకేస్తుంది.
కర్ర ఊరుకుంటుంది,
నువ్వు మరిచిపోయాక
ఏ ఎండాకాలం మధ్యాహ్నమో
టప్పున నోరు తెరుస్తుంది.

తిత్లీ గాలికి కవిటి తోటలో
వేళ్ళతో సహా లేచి పడుకుంది మావయ్యగారి పనస.
కోయిస్తే వచ్చినవి ఆరు పలకలు.
పశువులసాల అటక మీద
ఎవరి కోసమో తెలీకుండా ఎండాయి.
అప్పటికి నీలమణికీ నాకూ
పెళ్ళిచూపులు కూడా కాలేదు.

కాశీబుగ్గకి ఆటో మీద తెచ్చాను.
చిత్రిక పట్టగానే లోపల ఇంకా పసుపే!
ముంగిట్లో పొట్టు రాలుతుంటే
మోక్షిత రెండు చేతులా ఎత్తి నెత్తిన పోసుకుంది.

మంచం ఎత్తు జానెడు.
"ఇదేటి బాబూ, మంచవా, పీటా?"
పక్కింటి సింహాలమ్మ గోడ మీంచి.
గుంట దొర్లి పడినా
ఏడవాలో నవ్వాలో తేల్చుకోలేనంత ఎత్తు, అన్నాను.

నిద్రలో ఉండగా కొలిచాను దాన్ని.
టేపు చల్లగా తగిలి ముడుచుకుంది.
మళ్ళీ కొలిచేసరికి ఒళ్ళు విరుచుకుని
నాలుగంగుళాలు పెరిగింది.
కేలెండరు వెనక పెద్ద లెక్కే రాసుకున్నాను.

గున్నయ్య మేస్త్రి టీకి వచ్చి
కమ్మీలు చూసి తల అడ్డంగా ఊపాడు.
"కమ్మీకీ కమ్మీకీ మజ్జిన మూడేళ్ళు సందుంచు.
ఎక్కువైతే తలకాయ పట్టేత్తాది."
మూడు వేళ్ళా, మూడు సంవత్సరాలా?
మా వైపు నోటికి రెండూ ఒకటే.
రంపం మింగిన చిటికెన వేలు పోగా
మిగిలిన వాటిలో మూడు
కమ్మీల మధ్య దూర్చి చూపించాడు.
పోతూ పోతూ,
"వార్నీసు రాయకు. నాకుతాది."

కొబ్బరినూనెలో తేనెమైనం కరిగించి రాశాను.
అంచులన్నిటికీ ఉప్పుకాగితం పట్టాను.
చేతికి నునుపే. కానీ నా చేయి
స్పానర్లు కాయలు కాయించిన చేయి,
దాని సాక్ష్యం చెల్లదు.
మోకాళ్ళ మీద వంగి
ఒక్కో అంచుకీ చెంప ఆనించి వెళ్ళాను.
నీలమణి గుమ్మంలో నిలబడి
నవ్వాపుకోలేక లోపలికి పోయింది.

అయినా ఒక కాలు పొట్టిదైంది, బియ్యపుగింజంత.
మిగతా మూడూ కోసి సమం చేద్దామంటే
అలా కోస్తూ పోతే పలకే మిగులుతుందని భయం.
డిపో నుంచి పాత టైరు ముక్క తెచ్చి
కాలి కింద మేకేశాను.
నాకొచ్చిన భాష అదొక్కటే.

చీర ఉయ్యాల కట్టిన కొక్కేనికి
ఇప్పుడు దోమతెర వేలాడుతోంది.

మొదటి రాత్రి
మోక్షిత మంచం ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది.
రెండు బొమ్మల్నీ, స్టీలు గ్లాసునీ,
నా ఎడమ చెప్పునీ ఎక్కించింది.
"టెక్కలి టెక్కలి టెక్కలి" అని కేకేసి
కమ్మీ మీద చరిచింది. రైట్ రైట్.
టెక్కలి వచ్చినట్టుంది,
అందరినీ దింపేసి నా వేలు పట్టుకు లాగింది.
"నానా, తొంగో."

తొంగున్నాను.
మోకాళ్ళు గడ్డానికి, పాదాలు బయటికి.
ఎనభై కేజీల మనిషి కింద
పనస కిక్కురుమనలేదు.
నా తువ్వాలు నాకే కప్పి
రెండు సార్లు జోకొట్టి
వెళ్ళి పరుపు మీద
అమ్మ పక్కన నా జాగాలో పడుకుంది.

ఇంటి వెనక గూడ్సు బండి ఎంతకీ తెగలేదు.
జీడిపిక్కలు కాల్చిన వాసన కిటికీలోంచి.
కమ్మీల సందులోంచి చేయి చాపాను.
మూడు వేళ్ళు పట్టాయి, సరిగ్గా.
నిద్రలోనే వాటిని దొరకబుచ్చుకుంది.

ఐదింటికి డ్యూటీ.
లేవాలంటే ముందు వేళ్ళు తీసుకోవాలి.